జస్టిస్ సయ్యద్ మహమూద్ – ఖైదీ మాట కూడా వినాలన్న న్యాయమూర్తి

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి పేరు తెలియని చదువుకున్న ముస్లిం కుటుంబం మన ప్రాంతంలో ఉండదు. అలీగఢ్ అనగానే ఆయన తెల్లని గడ్డం, తుర్కీ టోపీ కళ్లముందు నిలుస్తాయి. కాని ఆయన రెండవ కుమారుడు సయ్యద్ మహమూద్ గారి గురించి అడిగితే మాత్రం చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బ్రిటిష్ ఇండియాలో హైకోర్టు జడ్జి అయిన మొదటి ముస్లిం ఆయనే. మరణించి నూట ఇరవై ఏళ్లు దాటినా ఆయన రాసిన తీర్పులను వకీళ్లు నేటికీ కోర్టుల్లో చూపుతూనే ఉన్నారు.

ఈ సంవత్సరం సావనీరుకు ఏ పెద్దమనిషి జీవితం రాద్దామా అని ఆలోచిస్తున్న సమయంలో ఒక సంగతి జరిగింది. మేము పాఠం చెప్పిన ఒక పిల్లవాడి తల్లి ఒక సాయంత్రం కాగితాల కట్ట తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె పెద్ద కొడుక్కి సెషన్సు కోర్టులో శిక్ష పడింది. తీర్పు ఇంగ్లీషులో ఉంది, చదివి పెట్టమని అడిగింది. చదివి, హైకోర్టుకు అప్పీలు వేశారా అని అడిగాం. హైకోర్టు డబ్బున్నవాళ్లదని, కొడుకు జైల్లో ఉంటే అక్కడ అతని తరఫున నోరు విప్పేవాళ్లెవరని ఆమె కళ్లు తుడుచుకుంది. అప్పటికి తీర్పు వచ్చి నలభై రోజులు దాటింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లి అడిగిన ప్రశ్ననే 1891లో ఒక న్యాయమూర్తి తన తోటి న్యాయమూర్తులను అడిగాడని గుర్తుకు వచ్చింది. ఆయనే సయ్యద్ మహమూద్. అందుకని ఈసారి ఆయన జీవితాన్నే ఎన్నుకున్నాం.

చదువు

సయ్యద్ మహమూద్ గారు 1850 మే 24న ఢిల్లీలో జన్మించారు. తండ్రి ప్రభుత్వ న్యాయశాఖలో సదర్ అమీనుగా, తర్వాత సబార్డినేట్ జడ్జిగా ఊరూరా తిరిగే ఉద్యోగి. అందువల్ల కొడుకు చదువు కూడా మొరాదాబాదు, బనారసు ఊళ్లలో సాగింది. ఇంట్లో అరబ్బీ, ఫార్సీ, బడిలో ఇంగ్లీషు. 1868లో కలకత్తా విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడు ఇంగ్లండులో చదవడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ లభించింది. తండ్రి, అన్న హామిద్ గార్లు కూడా వెంట బయలుదేరారు. ఆ ప్రయాణపు ఖర్చుకోసం సర్ సయ్యద్ గారు ఇల్లు తాకట్టు పెట్టారని ఆయన జీవితచరిత్రకారులు రాశారు. పిల్లల ఫీజు కట్టే రోజున కొంచెం సణిగే తండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కేంబ్రిడ్జిలో క్రైస్ట్స్ కాలేజీ, లండనులో లింకన్స్ ఇన్ – ఈ రెండు చోట్ల చదివి 1872లో బారిస్టరై తిరిగి వచ్చారు. అలహాబాదు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. చదువుకున్న కేంబ్రిడ్జిని చూసి అలాంటి విద్యాసంస్థ మన దేశంలోనూ ఉండాలని 1873లోనే ఒక పథకం తయారుచేసి తండ్రిగారి కమిటీ ముందు పెట్టారు. అలీగఢ్ కాలేజీకి అదే నక్షా అనవచ్చు. సాక్ష్యచట్టాన్ని ఉర్దూలోకి అనువదించారు. జనం ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలో చట్టం తెలియాలనే తపన ఆయనకు మొదటి నుంచీ ఉన్నది.

1879లో అవధ్ ప్రాంతంలోని రాయబరేలీలో జిల్లా జడ్జి అయ్యారు. 1881లో కొద్ది నెలలపాటు హైదరాబాదు వచ్చి, నవాబు సాలార్ జంగ్ గారి కోరికపై నిజాం రాజ్యంలోని న్యాయశాఖను సరిదిద్దే పనిలో సాయపడ్డారు. మన గడ్డతో ఆయనకు ఉన్న మొదటి సంబంధం అది. రెండవ సంబంధం ఆయన కుమారుని ద్వారా వచ్చింది. ఆ ముచ్చట చివర చెబుతాం.

హైకోర్టు గద్దె మీద

1882లో అలహాబాదు హైకోర్టులో తాత్కాలిక న్యాయమూర్తిగా కూర్చున్నప్పుడు ఆయన వయస్సు ముప్పయి రెండేళ్లు. తర్వాత కొన్నిసార్లు అలాగే తాత్కాలికంగా పనిచేసి 1887లో శాశ్వత న్యాయమూర్తి అయ్యారు. 1893 వరకు ఉన్నారు. లా రిపోర్టులలో అచ్చయిన ఆయన తీర్పులు సుమారు మూడు వందలు.

ఇక్కడ ఒక మాట. హైకోర్టు అంటే ఏం చేస్తుందో మనవాళ్లలో చాలామందికి సరిగ్గా తెలియదు. కింది కోర్టులాగా మళ్లీ సాక్షులందరినీ పిలిపించి మొదటినుంచీ విచారణ చేస్తుందనుకుంటారు. సాధారణంగా అలా జరగదు. కింది కోర్టులో నమోదైన వాఙ్మూలాలు, దస్తావేజులు, తీర్పు – ఈ రికార్డంతా పైకి వస్తుంది. ఇరుపక్షాల వకీళ్లు దానిమీద వాదిస్తారు. కింది జడ్జి ఎక్కడ పొరబడ్డాడు, పొరబడితే ఎలా సరిచేయాలి అన్నదే అక్కడ ప్రశ్న.

సివిలు దావాలో మొదటి అప్పీలయితే వాస్తవాలను కూడా హైకోర్టు తిరిగి తూచి చూస్తుంది. రెండవ అప్పీలయితే చట్టానికి సంబంధించిన ప్రశ్న ఉంటేనే చేయి పెడుతుంది. పొలం గట్టు ఎక్కడుంది, సాక్షి నిజం చెప్పాడా లేదా అనేవి అప్పటికే తేలిపోయినట్టు లెక్క. 1976 సవరణ తర్వాత అది మామూలు చట్టప్రశ్న అయితే చాలదు, ముఖ్యమైన చట్టప్రశ్న అయి ఉండాలి. క్రిమినలు కేసులో సెషన్సు కోర్టు వేసిన శిక్షపై అప్పీలు హైకోర్టుకు వస్తుంది. ఉరిశిక్ష అయితే ముద్దాయి అప్పీలు చేసినా చేయకపోయినా హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు కాదు. ఇద్దరు న్యాయమూర్తులు విని భేదించితే క్రిమినలు కేసు మూడవ న్యాయమూర్తి ముందుకు పోతుంది. చట్టప్రశ్న పెద్దదైతే మరింతమంది కూర్చునే ఫుల్ బెంచికి పంపుతారు. మహమూద్ గారి పేరు నిలబెట్టిన తీర్పులు చాలావరకు ఈ ఫుల్ బెంచివే.

నికాహ్, మహర్, ఒక దావా

1886 నాటి అబ్దుల్ ఖాదిర్, సలీమాల దావా ఈనాటికీ లా కాలేజీలలో చెబుతారు. భార్య కాపురానికి రావడం లేదని భర్త కోర్టుకెక్కాడు. మహర్ చెల్లించలేదు కాబట్టి దావాయే చెల్లదన్నది భార్య తరఫు వాదన. అప్పటికి వారిద్దరూ కలిసి కాపురం చేసి ఉన్నారు. మహర్ బాకీ ఉండగా భర్తకు దావా వేసే హక్కు అసలు ఉన్నదా లేదా? ఇది సాక్ష్యంతో తేలే సంగతి కాదు, శుద్ధ చట్టప్రశ్న. అందుకే ఫుల్ బెంచికి వచ్చింది.

మహమూద్ గారు ఇంగ్లీషు అనువాదాలతో తృప్తిపడలేదు. హిదాయా మొదలైన ఫిఖ్ గ్రంథాలను అరబ్బీ మూలంలోనే చూశారు. ఇస్లాంలో వివాహం మతసంస్కారం కాదని, ఇద్దరి మధ్య జరిగే ఒప్పందమని వివరించారు. దాంపత్య హక్కులు నికాహ్‌తోనే పుడతాయి, మహర్ చెల్లింపుతో కాదు. కనుక దావా కొట్టివేయరాదు. అయితే మహర్ భార్య హక్కు. కనుక ముందు మహర్ చెల్లించాలనే షరతు పెట్టి డిక్రీ ఇవ్వాలి. ఇదీ ఆయన తేల్చిన పద్ధతి. చూడండి, ఎంత సొగసుగా ఉందో. భర్త దావా నిలబడింది, భార్య మహర్ కూడా నిలబడింది. నికాహ్‌నామాలో మహర్ అంకె రాసి, తర్వాత దాని ఊసే ఎత్తని మన పెళ్లిళ్ల పెద్దలు ఈ తీర్పును ఒకసారి చదివించుకోవాలి.

సివిలు విధానం గురించి ఆయన చెప్పిన మరొక సూత్రం నర్సింగ్ దాస్, మంగల్ దూబే దావాలో ఉన్నది. కోడ్‌లో ఫలానా పని చేయవచ్చని రాసి లేనంత మాత్రాన అది నిషిద్ధమని కోర్టు అనుకోరాదు. కూడదని చట్టం చెప్పనంతవరకు న్యాయం కోసం చేయదగిందేనని భావించాలి. విధానం న్యాయానికి నౌకరే గాని యజమాని కాదని దాని తాత్పర్యంగా మేము గ్రహించాము.

ఆమీన్ నేరమా?

1885లో ఒక క్రిమినలు కేసు వచ్చింది. మసీదులో నమాజు వేళ రమ్జాన్ అనే వ్యక్తి, అతని తోటివారు ఆమీన్ బిగ్గరగా అన్నారు. తక్కినవారు మెల్లగా అనే అలవాటువారు. మాట మాట పెరిగి చివరకు ఆరాధనకు భంగం కలిగించారనే నేరం కింద మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. హైకోర్టుకు వచ్చాక, మరికొన్ని వాస్తవాలు తేల్చాలని ఎక్కువమంది న్యాయమూర్తులు కేసును వెనక్కు పంపదలిచారు. మహమూద్ గారు ఒప్పుకోలేదు. మసీదు అల్లాహ్ ఇల్లు. అందులో ఏ ముస్లిం అయినా తన ఇమాము చెప్పిన రీతిలో నమాజు చేసుకోవచ్చు. సదుద్దేశంతో ఆమీన్ బిగ్గరగా అనడం నేరం కాదని ఫిఖ్ గ్రంథాల ఆధారంతో విడిగా తీర్పు రాశారు. ఆ రోజు ఆయన ఒంటరి. కాని 1889లో మరో దావాలో మసీదు ఏ ఒక్క వర్గానిదీ కాదు, ముస్లింలందరిదీ అని అదే హైకోర్టు ఫుల్ బెంచి చెప్పింది. ఒక్క ఆమీన్ కోసం కోర్టు మెట్లెక్కే పరిస్థితి మన ఊళ్లలో రాకూడదనే మా కోరిక.

1884 నాటి బాబూలాల్ కేసులో పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్న మాటలను చట్టం ఎందుకు నమ్మదో విడమరిచి రాశారు. ఒప్పుకోలు రాబట్టడానికి పోలీసులు చేసే దుర్మార్గాలు తెలిసే శాసనకర్తలు ఆ కట్టుదిట్టం పెట్టారని గుర్తుచేశారు. ప్రభుత్వం నియమించిన జడ్జి, బ్రిటిష్ వారి రాజ్యంలో, ప్రభుత్వ పోలీసుల గురించి అలా రాయడం చిన్న విషయం కాదు.

ఖైదీ ఎలా వస్తాడు?

ఇక మేము మొదట అన్న కేసు. అది పోహ్‌పీ కేసు, 1891. వకీలు లేని ఖైదీ జైలు నుంచి పంపిన అప్పీలును హైకోర్టు ఎలా వినాలి? ఆనాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం అప్పీలు విచారణ తేదీ తెలియజేయాలి. అప్పీలుదారు గాని అతని వకీలు గాని హాజరైతే వినాలి. ఖైదీ హాజరు కాలేదు, వకీలూ లేడు; కాగితాలు చదివి తీర్పు చెబితే సరిపోతుందని తక్కిన న్యాయమూర్తులు భావించారు.

మహమూద్ గారు ఒక్కరే భేదించారు. ఆయన వాదన మన బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది. హాజరు కావచ్చని ఎవరికి చెబుతున్నాం? తాళం వేసిన గదిలో ఉన్నవాడికి. వాడు రావాలని ఎంత కోరుకున్నా కాలు బయట పెట్టలేడు. అటువంటివాడికి తేదీ తెలియజేసి, రాలేదు గనుక వినే పని లేదనడం వినడం అవుతుందా? కాగితం చదవడం వేరు, మనిషి మాట వినడం వేరు. ఖైదీని రప్పించాలి, లేదా అతని తరఫున మాట్లాడేవారు ఉండాలి. అప్పుడే అప్పీలు హక్కుకు అర్థం ఉంటుంది. ఇదీ ఆ దీర్ఘమైన తీర్పు సారాంశం.

ఆ రోజు ఆ మాట నెగ్గలేదు. మెజారిటీ తీర్పే చట్టమయింది. కాని భిన్నతీర్పు విత్తనం లాంటిది, ఏ వానకు మొలుస్తుందో చెప్పలేం. స్వాతంత్ర్యం తర్వాత 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, జైలు నుంచి వచ్చిన అప్పీలును ఖైదీకి చెప్పుకొనే అవకాశం ఇవ్వకుండా మామూలుగా కొట్టివేయరాదని రాశారు. నిరర్థకమైన అప్పీలు వంటి కొద్ది మినహాయింపులు మాత్రం ఉంచారు. 1976లో ఉచిత న్యాయసహాయం రాజ్యాంగపు ఆదేశసూత్రాలలో చేరింది. 1979లో బీహారు విచారణఖైదీల విషయమైన హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు అది జీవించే హక్కులో భాగమన్నది. 1996లో ఉత్తరప్రదేశ్ నుంచే వచ్చిన బానీ సింగ్ కేసులో, ముద్దాయి జైల్లో ఉండి రాలేకపోతే, అతని వకీలు కూడా లేకపోతే, కేసు వాయిదా వేయాలని, ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టవచ్చునని చెప్పింది. 1891లో ఒంటరిగా మిగిలిన గొంతుకు నూరేళ్లకు తోడు దొరికింది.

పతనం

ఆయన జీవితంలో చీకటి భాగం దాచడం మా పద్ధతి కాదు. మహమూద్ గారి తీర్పులు చాలా పెద్దవి. ఒక్కో ప్రశ్నకు మూలం దాకా పోయేవారు. దానివల్ల తీర్పులు ఆలస్యమయ్యేవి. ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ ఎడ్జ్‌తో పొసగలేదు. ఆలస్యం గురించి, తాగుడు అలవాటు గురించి పైకి ఫిర్యాదులు వెళ్లాయి. సర్ సయ్యద్ గారు కుమారుని పక్షాన నిలిచారు. ఇంగ్లీషు జడ్జీలు భారతీయుణ్ణి సమానుడిగా సహించలేకపోయారన్న బాధ ఆయనది. ఆ బాధలో నిజం లేకపోలేదు. తాగుడు కూడా అబద్ధం కాదు. ఆలస్యానికి నష్టపోయేది కోర్టు వరండాలో కాచుకు కూర్చునే వాది ప్రతివాదులేనన్నదీ కాదనలేం. 1893లో ఆయన పదవి వదులుకున్నారు. అప్పటికి వయస్సు నలభై మూడు. మా వయస్సువాళ్లం ఆ అంకె చదివినప్పుడు గుండె కలుక్కుమంటుంది.

పదవి పోయినా చదువు వదలలేదు. భారతదేశంలో ఇంగ్లీషు విద్య చరిత్రపై పెద్ద గ్రంథం రాసి 1895లో ప్రకటించారు. తన న్యాయశాస్త్ర గ్రంథాలను అలీగఢ్ కాలేజీకి ఇచ్చారు. 1898లో తండ్రి మరణించాక కాలేజీ కార్యదర్శి బాధ్యత ఆయనపై పడింది. ఆరోగ్యం, అలవాటు సహకరించలేదు. మరుసటి ఏడే ఆ బాధ్యత నవాబ్ మొహ్సినుల్ ముల్క్ గారి చేతికి పోయింది. 1903 మే 8న సీతాపూర్‌లో కన్నుమూశారు. అలీగఢ్ కాలేజీ మసీదు ఆవరణలో తండ్రి సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు.

ఆయన కుమారుడు సర్ రాస్ మసూద్ గారు 1916 నుంచి 1928 వరకు హైదరాబాదు రాజ్యపు విద్యాశాఖాధిపతిగా ఉన్నారు. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొన్న కాలం అదే. చట్టాన్ని ఉర్దూలో చెప్పిన తండ్రి, ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పిన విశ్వవిద్యాలయానికి తోడ్పడిన కొడుకు. ఉర్దూ మీడియం ఉపాధ్యాయులమైన మాకు ఈ కుటుంబంపై ఇంత అభిమానం ఎందుకో పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు.

మనం చేయవలసింది

2019 జనవరి 1 నుంచి తెలంగాణకు హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో వేరువేరు హైకోర్టులు పనిచేస్తున్నాయి. దారి దూరం కాదు, తెలియకపోవడమే దూరం. అందుకని నాలుగు ముక్కలు రాసి ముగిస్తాం.

క్రిమినలు కేసులో జైలుశిక్ష పడినవారికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. హైకోర్టుకు అప్పీలు గడువు సాధారణంగా అరవై రోజులు; ఉరిశిక్షపై ముప్పయి. సివిలు డిక్రీపై హైకోర్టుకు తొంభై రోజులు. గడువు దాటితే తగిన కారణం చూపి మన్నించమని అడగవచ్చు గాని, మన్నిస్తారన్న పూచీ లేదు. జైల్లో ఉన్నవారు అప్పీలు అర్జీని జైలు అధికారికి ఇస్తే చాలు, ఆయనే కోర్టుకు పంపాలి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు తెగలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. హైకోర్టుకు వేరే కమిటీ ఉంది. ఫోను చేయాలంటే 15100.

ఆ తల్లిని వెంటబెట్టుకుని మేము ఆ కార్యాలయానికే వెళ్లాం. గడువులోగా అప్పీలు పడింది. కొడుకు తప్పు చేశాడో లేదో మాకు తెలియదు, తేల్చవలసింది హైకోర్టు. అతని మాట వినకుండా మాత్రం తేల్చరాదు. అప్పీలు ఇంకా విచారణలో ఉన్నది. ఆమె ఇప్పుడు జుమా రోజున మా గుమ్మం ముందు నుంచి పోతూ సలాం చేస్తుంది. ఏడవడం లేదు.

మన సొసైటీ ప్రతి ఏటా బట్టలు, పుస్తకాలు పంచుతున్నది. వచ్చే ఏటి నుంచి చదువుకున్న యువకులు ఇద్దరు వారానికొక రోజు కూర్చుని, ఇలాంటి కోర్టు కాగితాలు చదివిపెట్టే పని కూడా మొదలుపెట్టాలని పెద్దలకు మనవి చేస్తున్నాం. సయ్యద్ మహమూద్ గారి పేరు నిలపడానికి అంతకన్న మంచి మార్గం మాకు తోచలేదు.

అల్లాహ్ ఆ మర్హూం గారి లోపాలను మన్నించి, నోరు లేనివారి పక్షాన ఆయన రాసిన మాటలను స్వీకరించుగాక. ఆమీన్.